హవానా చుట్ట మీద మమకారం

చుట్ట కాల్చడం మానేసి చాలా ఏళ్లయింది. క్యూబా చుట్ట మీద మమకారం మాత్రం తగ్గలేదు. ఎక్కడైనా పాత పెట్టె కనబడితే మూత ఎత్తి వాసన చూడకుండా ఉండలేను. అక్కడి పొగాకు సీమ పినార్ దెల్ రియో మీద తుపాను విరుచుకుపడిందన్న వార్త ఏజెన్సీ కాపీలో కనిపిస్తే, పేజీలో దానికి చోటున్నా లేకపోయినా చివరిదాకా చదువుతాను. వస్తువును వదిలేశాక కూడా ఇష్టం నిలిచి ఉందంటే, ఇన్నేళ్లూ నేను ఇష్టపడింది దేన్నో ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోవాలనిపిస్తోంది.

గోదావరి ఒడ్డున పుట్టినవాళ్లకు పొగాకు కొత్త కాదు. వరద తీశాక లంకల్లో ఒండ్రు మీద నాటే పొగాకు, పందిళ్ల కింద ఆరే ఆకు తోరణాలు, అరుగు మీద కూర్చుని ఆకు తడిపి చుట్ట చుట్టుకునే పెద్దలు, ఇదంతా చూస్తూ పెరిగాం. చుట్ట లేని గిరీశాన్ని ఊహించలేం. షెర్లాక్ హోమ్స్ కథలో సైతం మన లంక చుట్ట ప్రస్తావన ఉంది. ఇంత పొగాకు సీమలో పుట్టి ఎక్కడో కరీబియన్ దీవిలో చుట్టిన చుట్ట మీద మనసు పడటమేమిటని ఇంట్లోవాళ్లు ఆశ్చర్యపోయేవారు. విశాఖ రేవు నుంచి ఓడల మీద పనికి వెళ్లే మిత్రుడొకడు సెలవులకు వస్తూ ఒక మాంటెక్రిస్టో నంబర్ 4 తెచ్చిచ్చాడు. "గబగబా లాగేయకురా, మెల్లగా కాల్చు. దీనికి తీరిక కావాలి" అన్నాడు.

జానెడైనా లేని చుట్ట అది. 129 మిల్లీమీటర్లు. చూపుడు వేలంత లావు. పైఆకు మీద ఈనెలు ఉన్నాయా లేవా అన్నంత నునుపు. వేళ్ల మధ్య నొక్కితే కాస్త లోపలికి పోయి మళ్లీ పైకి వచ్చింది. తల కత్తిరించి, అంటించకముందే ఒకసారి లాగి చూస్తే ఎండుగడ్డి వాసన, పెట్టె చెక్క వాసన కలిసి నోట్లోకి వచ్చాయి. అంటించాక మొదట మిరియపు చురుకు. సగానికి వచ్చేసరికి వేయించిన కాఫీ గింజల చేదు. చివర్లో తొలకరికి తడిసిన మట్టిలాంటిదేదో. బూడిద అంగుళం దాకా రాలకుండా నిలబడింది. లంక చుట్ట ఘాటు నాకు తెలుసు, అది ఒక్క దమ్ములో తన సంగతంతా చెప్పేస్తుంది. ఇది మాత్రం గంటసేపు ఒక్కొక్కటిగా చెబుతూ పోయింది. ఎవరు చేశారు దీన్ని, ఎలా చేశారు అన్న ప్రశ్న ఆ సాయంత్రమే మొదలైంది. తర్వాత నేను కాల్చిన చుట్టల కన్నా ఆ ప్రశ్న వెంట పడి చదివిన పేజీలే ఎక్కువ.

క్యూబా పడమటి కొసన పినార్ దెల్ రియో రాష్ట్రం ఉంది. అందులో వుయెల్టా అబాహో అన్న ప్రాంతం. శాన్ లూయిస్, శాన్ హువాన్ ఇ మార్తినెస్ అనే రెండు చిన్న పట్టణాల చుట్టూ ఉన్న ఎర్రనేలల్లో పండే ఆకే హవానా చుట్టలకు ప్రాణం. అక్కడి సాగు లెక్క మన లంక రైతుకు చెబితే వెంటనే తల ఊపుతాడు. వానలు వెనక్కి తగ్గాక నారు పోస్తారు. నలభై అయిదు రోజులకు నారు పీకి పొలంలో నాటుతారు. మొక్క ఎదిగాక తల తుంచుతారు, పిలకలు తీస్తారు. మాఘ ఫాల్గుణాల వేళకు ఆకు కోత. కోత అంతా అడుగు నుంచి పైకి, ఒక్కో విడతకు రెండు మూడు ఆకులే. పైఆకు కోసం పెంచే తోటల మీద పలచని గుడ్డ పందిరి వేస్తారు. ఎండ నేరుగా తగలకపోతే ఆకు వెడల్పుగా, పలచగా, మచ్చ లేకుండా వస్తుంది. పందిరి లేని తోటల ఆకు లోపలి కూర్పుకు వెళుతుంది.

ఒకే మొక్కకు కాసిన ఆకులైనా అన్నిటి గుణం ఒకటి కాదు. అడుగు ఆకు బాగా అంటుకుంటుంది, ఘాటు తక్కువ. దాన్ని వొలాదో అంటారు. నడిమి ఆకు సేకో, వాసనంతా దానిదే. కొస ఆకు లిహేరో. ఎండంతా తాగి మందంగా, జిడ్డుగా తయారయ్యే ఆకు అది. చుట్టకు బలం అదే, కాని నిదానంగా కాలుతుంది. అందుకే చుట్టేటప్పుడు లిహేరోను నట్టనడుమ పెడతారు. ఆరబెట్టే కొట్టాల్లో తోరణాలు కట్టి యాభై రోజులు ఆరనిచ్చి, తర్వాత మండె వేస్తారు. మండెలో ఆకు తనంతట తాను వేడెక్కుతుంది, అమ్మోనియా వదులుతుంది, పచ్చి ఘాటు పోగొట్టుకుంటుంది. లంకల్లోనూ మండె కడతారు గనక ఈ మాట మనవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అక్కడ ఓపిక ఎక్కువ. లిహేరోను కనీసం రెండేళ్లు మాగబెట్టందే ముట్టుకోరు. కోహీబా అనే రకానికి వాడే ఆకులో కొంత భాగాన్ని పీపాల్లో మూడోసారి కూడా మాగనిస్తారు.

ఈ సాగులో పేరు పొందిన రైతు అలెహాంద్రో రొబాయినా. 1919లో పుట్టి 2010లో పోయాడు. శాన్ లూయిస్ దగ్గర తాతల నాటి పొలంలో జీవితమంతా పైఆకు పండించాడు. విప్లవం తర్వాత చక్కెర తోటలు, కర్మాగారాలు ప్రభుత్వపరమయ్యాయి గాని, పొగాకు సాగు చాలావరకు చిన్న రైతుల చేతిలోనే మిగిలింది. ప్రతి ఆకునూ విడిగా చూసుకోవలసిన పంట అది, ఉద్యోగంలా చేస్తే రాదు. రొబాయినా ఆ మాటకు నిలువెత్తు సాక్ష్యం. 1997లో ఆయన బతికుండగానే ఆయన పేరుతో వేగాస్ రొబాయినా అనే చుట్టల రకం వచ్చింది. ఒక రైతు పేరు ప్రపంచమంతటా దుకాణాల అరల్లోకి ఎక్కింది. అప్పటిదాకా ఆ గౌరవం వ్యాపారులకు, రాజకీయ నాయకులకు, నవలల్లో పాత్రలకు దక్కేది.

ఆకును ఏరే పని ఎక్కువగా ఆడవాళ్లది. ఈనె తీసి, ఆకును ఒళ్లో పరచుకుని, రంగు, సైజు, జిడ్డు చూసి విడదీస్తారు. దీన్ని చూసి ఎవరో అల్లిన కథే హవానా చుట్టలను కన్నెపిల్లలు తొడల మీద చుడతారన్నది. ప్రపంచమంతా ఆ కథను నమ్మింది, వ్యాపారానికీ వాడుకుంది. రోజంతా ఆకుల ఘాటు గాలి పీలుస్తూ, కంటిచూపు మొత్తం పెట్టి పనిచేసే స్త్రీల శ్రమను అలా చెప్పుకోవడం నాకెప్పుడూ నచ్చలేదు. వాళ్ల నైపుణ్యం ఎంతటిదంటే, ఒకే గోధుమ రంగులో డజన్ల కొద్దీ ఛాయలను కంటితో పట్టుకుంటారు. పెట్టెలో చుట్టలు పేర్చేటప్పుడు ఎడమ నుంచి కుడికి ముదురు నుంచి లేత రంగుకు వచ్చేలా సర్దుతారు. తేడా మనకు కనపడదు. పెట్టె తెరిచిన మనిషికి మాత్రం ఏదో తెలియని నిండుదనం అనిపిస్తుంది.

ఇక చుట్టే బల్ల. హవానా కర్మాగారంలో ఒక్కో పనివాడికి ఒక చెక్క బల్ల, అర్ధచంద్రాకారపు కత్తి, చిన్న గిన్నెలో రుచీ వాసనా లేని చెట్టు జిగురు. ఇంతకు మించి పనిముట్లు లేవు. కత్తిని చవేతా అంటారు, దానికి పిడి కూడా ఉండదు. లోపలి ఆకులను ఒక్కొక్కటి మడిచి అరచేతిలో పేరుస్తాడు. పొగ నడిచే దారి మూసుకుపోకూడదు, మరీ వదులైతే మంట లోపలికి పరుగెత్తి నోరు కాలుతుంది. ఆ మధ్యస్థం అరచేతికే తెలియాలి. దాని మీద కట్టు ఆకు చుట్టి చెక్క అచ్చులో పెట్టి నొక్కుతాడు, మధ్యలో తీసి తిప్పి మళ్లీ పెడతాడు. ఆ తర్వాత పైఆకు. పట్టులా సాగే ఆ ఆకును బల్ల మీద పరిచి అంచులు కత్తిరించి, కింది కొస నుంచి ఏటవాలుగా చుడుతూ తల దగ్గరికి వస్తాడు. అదే ఆకులోంచి కోసిన గుండ్రటి ముక్కను టోపీలా తలకు అంటించి ముగిస్తాడు. సైజును బట్టి రోజుకు వందకు అటూ ఇటూ చుడతారు. ఈ పని నేర్చుకోవడానికి తొమ్మిది నెలల శిక్షణ ఉంది, పెద్ద సైజులు, కోసుగా ఉండే రకాలు చేతికి రావాలంటే ఏళ్లు పడుతుంది.

ఇదంతా గొప్పదే. అయినా నా మమకారానికి అసలు కారణం ఆ హాల్లో వరుసగా వేసిన బల్లలకు ఎదురుగా, ఎత్తు వేదిక మీద కూర్చుని ఉండే మనిషి. ఆయన చేతిలో ఆకు ఉండదు, పుస్తకం ఉంటుంది. ఆయన పని చదవడం.

1865లో హవానాలోని ఎల్ ఫీగరో కర్మాగారంలో ఈ పద్ధతి మొదలైంది. చుట్టే పనిలో చేతులకు క్షణం ఖాళీ ఉండదు, కళ్లు ఆకు మీదే ఉంటాయి. చెవులు మాత్రం ఖాళీ. ఆ చెవులకు పని పెట్టాలని పనివాళ్లే అనుకున్నారు. తమలో ఒకరిని ఎంచుకుని, తలా కాస్త కూలి డబ్బులోంచి తీసి ఆయన జీతంగా ఇచ్చి, పత్రికలు, పుస్తకాలు బిగ్గరగా చదివించుకున్నారు. సతుర్నీనో మార్తీనెస్ అనే చుట్టల కార్మికుడు నడిపిన 'లా అరోరా' పత్రిక దీనికి గట్టిగా అండగా నిలిచింది. మరుసటి ఏడాది పర్తాగాస్ కర్మాగారంలోనూ మొదలైంది. అక్షరం రాని వాళ్లు ఆ హాల్లో కూర్చుని విక్టర్ హ్యూగోను, సెర్వాంటెస్‌ను విన్నారు. రాజకీయాలు విన్నారు. 1866లోనే స్పెయిన్ పాలకులు ఈ చదువును నిషేధించారు. చుట్టలు చుట్టేవాళ్లు కథలు వింటే రాజ్యానికి ఏం భయమో ఆ పాలకులకు బాగా తెలుసు. నిషేధం నిలవలేదు, చదువు మళ్లీ మొదలైంది, మళ్లీ ఆపారు, మళ్లీ మొదలైంది.

స్వాతంత్ర్య పోరాట కాలంలో క్యూబా నుంచి ఫ్లోరిడాకు వెళ్లిన చుట్టల కార్మికులు కీ వెస్ట్‌కు, టాంపాకు పుస్తకం చదివే మనిషిని కూడా వెంట తీసుకెళ్లారు. 1891లో క్యూబా స్వాతంత్ర్య నాయకుడు హోసె మార్తీ టాంపాలో ఉపన్యసించినప్పుడు విన్నది వీళ్లే. తమ కూలిలోంచి స్వాతంత్ర్యం కోసం చందాలు ఇచ్చిందీ వీళ్లే. 1895లో తిరుగుబాటుకు ముహూర్తం పెట్టిన ఆజ్ఞను ఒక చుట్టలో దాచి దీవికి పంపారని క్యూబాలో చెప్పుకుంటారు. టాంపాలో 1931లో యజమానులు చదివేవాళ్ల వేదికలు తీసేసి రేడియో పెట్టించారు. కార్మికులు సమ్మె చేశారు, గెలవలేదు. క్యూబాలో మాత్రం వేదిక పోలేదు.

ఇప్పటికీ ఉదయం పత్రిక, ఆ తర్వాత నవల. ఏ నవల చదవాలో పనివాళ్లు ఓటు వేసి తేలుస్తారు. చదివేవాళ్లలో ఇప్పుడు స్త్రీలే ఎక్కువ. చదివిన తీరు నచ్చితే చప్పట్లు కొట్టరు, చేతులు ఖాళీ ఉండవు కదా, చవేతాతో బల్ల మీద టకటకమని తడతారు. వందల కత్తులు ఒక్కసారి బల్లల మీద పడే ఆ శబ్దం కంటే గొప్ప సాహిత్య పురస్కారం ఉంటుందనుకోను. మాంటెక్రిస్టో అన్న పేరు 1935లో అలెగ్జాండర్ డ్యూమా నవల నుంచే వచ్చింది, చుట్టేవాళ్లకు ఆ కథ అంత ఇష్టమట. రోమియో ఇ హులియెతా చుట్ట పేరు వెనక షేక్స్‌పియర్ ఉన్నాడు. 2012లో క్యూబా ఈ చదివించుకునే సంప్రదాయాన్ని జాతీయ వారసత్వంగా ప్రకటించింది. కాలువల మీద పడవల్లో పుస్తకాలు తిప్పిన గ్రంథాలయోద్యమం మనది. పనివాడు తన కూలిలోంచి చదువు కొనుక్కోవడం ఎంత పెద్ద సంగతో మనకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

చుట్ట చుట్టూ రాజకీయం లేకుండా ఉండదు. 1960 సెప్టెంబర్‌లో కర్మాగారాలు జాతీయమయ్యాక పాత యజమానుల కుటుంబాలు డొమినికన్ రిపబ్లిక్‌కు, హోండురాస్‌కు, నికరాగువాకు విత్తనాలూ పేర్లూ పట్టుకుని వెళ్లాయి. అందుకే నేటికీ కొన్ని పేర్లతో రెండు రకాల చుట్టలు అమ్ముడవుతాయి, ఒకటి క్యూబాది, ఒకటి కాదు. 1962 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు కెనెడీ తన పత్రికా కార్యదర్శి పియర్ శాలింజర్‌ను పిలిచి తెల్లారేసరికి వెయ్యి పెటిట్ అప్‌మన్ చుట్టలు కావాలన్నాడు. శాలింజర్ 1,200 సంపాదించాడు. ఆ మాట విన్నాక కెనెడీ సొరుగులోంచి కాగితం తీసి క్యూబా సరుకు మీద నిషేధానికి సంతకం పెట్టాడు. ఇది శాలింజరే తర్వాత రాసుకున్నాడు. ఆ సంతకం ఆరు దశాబ్దాలు దాటినా చెరగలేదు. మధ్యలో ఒబామా కాలంలో ప్రయాణికులు తెచ్చుకోవడానికి వీలు కలిగింది, 2020లో మళ్లీ మూసేశారు. దేశాల పంతాల బరువు చివరికి పొలంలో ఆకు కోసే మనిషి మీదే పడింది.

ఎందుకు మానేశానో చెప్పకుండా ఈ మమకారం గురించి రాయడం పాఠకులకు అన్యాయం. చుట్ట పొగను సిగరెట్ పొగలా ఊపిరితిత్తుల్లోకి లాగరు, కాబట్టి ప్రమాదం లేదని చాలామంది నమ్ముతారు. చుట్ట పొగకు క్షార గుణం ఉంటుంది, అందులోని నికోటిన్ నోటి పొర గుండానే రక్తంలోకి వెళుతుంది. నోటికి, గొంతుకు, అన్నవాహికకు క్యాన్సర్ తెచ్చే గుణమూ దానిలో ఉంది. ఫ్రాయిడ్ జీవితమంతా చుట్టలు కాల్చాడు. 1923లో నోట్లో క్యాన్సర్ బయటపడింది. ముప్ఫైకి పైగా శస్త్రచికిత్సలు చేయించుకుని, చుట్ట వదలకుండా, 1939లో పోయాడు. అంత దూరం వెళ్లనక్కర్లేదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో నిప్పు నోటి లోపల పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ల అంగిలికి వచ్చే క్యాన్సర్ల గురించి మన వైద్యులు దశాబ్దాలుగా రాస్తున్నారు. క్యూబా చుట్టకు ప్రపంచంలో అందరికన్నా పెద్ద ప్రచారకుడైన ఫిడెల్ కాస్ట్రో కూడా 1985లో, ప్రజలకు పొగ మానమని చెప్పాలంటే ముందు తాను మానాలని, వదిలేశాడు. ఆయన అంగరక్షకుడు కాలుస్తున్న చుట్ట నచ్చి, దాన్ని చుట్టిన మనిషిని పిలిపిస్తే మొదలైనదే కోహీబా. అలాంటి మనిషే వదిలినప్పుడు ఆకు మీద ప్రేమకు, ఆకు కాల్చడానికి మధ్య గీత గీయవచ్చని నాకు ధైర్యం వచ్చింది. కుర్రవాళ్లెవరైనా ఇది చదివి ఒకసారి కాల్చి చూద్దామనుకుంటే, వద్దనే చెబుతాను.

రాజమండ్రిలో చుట్టలు చుట్టే ఒక పెద్దాయనకు నా దగ్గర మిగిలిన హవానా చుట్ట ఒకటి తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన అంటించలేదు. తల దగ్గర టోపీ అంచు గోటితో తడిమాడు. వెలుతురుకు ఎత్తి చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని రెండు వేళ్లతో మెల్లగా నలిపాడు. "బాగా సెయ్యి తిరిగినోడండి బాబూ. ఆకు ముక్క కూడా దండగ సెయ్యలేదు" అన్నాడు. వెంటనే అడిగిన మాట: "ఆ ఊళ్లో సుట్టకి కూలెంతిస్తారండి?"

క్యూబా చుట్ట గురించి నేను చదివిన పుస్తకాల్లో, రంగుల పత్రికల్లో ఇంత సూటి ప్రశ్న తక్కువసార్లు కనపడింది. దానికి జవాబు సంతోషపెట్టేది కాదు. క్యూబా చుట్టలను ప్రపంచానికి అమ్మే హబానోస్ సంస్థ 2023లో 72.1 కోట్ల డాలర్ల అమ్మకాలు చేసింది. అంతకు ముందటి ఏడాది కోహీబా వంటి ఖరీదైన రకాల ధరలను ప్రపంచమంతటా ఒకే స్థాయికి, బాగా పైకి తెచ్చారు. అన్నిటికన్నా పెద్ద మార్కెట్ చైనా. ఒక్క కోహీబా పెట్టె ధర, దాన్ని చుట్టిన మనిషి ఎన్నో నెలల జీతాన్ని దాటిపోతుంది. ప్రభుత్వ రంగంలో జీతాలు పెరిగినా ధరలు వాటిని మింగేశాయి. 2022 సెప్టెంబర్ 27న ఇయాన్ తుపాను పినార్ దెల్ రియో మీదుగానే వెళ్లింది. వేల సంఖ్యలో ఆకు ఆరబెట్టే కొట్టాలు కూలాయి. చెక్క, మేకులు, రేకులు దొరకని కాలంలో రైతులు పాత దూలాలే ఏరుకుని మళ్లీ నిలబెట్టుకున్నారు. ఆ ఏడూ ఆ తర్వాతా లక్షల మంది క్యూబా వదిలి వెళ్లారు, వెళ్లినవాళ్లలో పడుచువాళ్లే ఎక్కువ. తొమ్మిది నెలలు నేర్చుకుని, వందల చుట్టలు చెడగొట్టుకుని, చివరికి చేతికి పట్టు చిక్కిన మనిషి మరో దేశంలో హోటల్లో గిన్నెలు కడుగుతున్నాడంటే అది ఆ మనిషికీ నష్టమే, ఆ దేశానికీ నష్టమే.

పొగ తాగేవాళ్లు తగ్గాలి, ఈ చేతిపని బతకాలి. ఈ రెండు కోరికలూ ఒకదానికొకటి అడ్డం వస్తాయని తెలుసు. దానికి తేలికైన జవాబు నా దగ్గర లేదు. చుట్టేవాళ్లకు కడుపు నిండే జీతం ఇచ్చి, తక్కువ చుట్టలు ఎక్కువ ధరకు అమ్ముకోవడం ఒక దారి. ఇప్పుడు ధర పెరిగింది, జీతం దాని వెనక నడవలేదు. కొనేవాళ్లు అమ్మేవాళ్లను అడగవలసిన ప్రశ్న రాజమండ్రి పెద్దాయన ఎప్పుడో అడిగేశాడు.

వేదిక మీద పుస్తకం మాత్రం పొగాకుతో ముడిపడి ఉండనక్కర్లేదు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు లక్షల మంది ఆడవాళ్లు ఇంటి వాకిట్లో చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం కట్టే ఆ పనిలోనూ చేతులకు తీరిక లేదు, చెవులు ఖాళీ. నలుగురు కలిసి కూర్చునే చోట చదువు వచ్చిన పిల్ల ఒకతె రోజూ కాసేపు కథ చదివితే, ఏ కథో వాళ్లే తేల్చుకుంటే ఎంత బాగుంటుంది! ఊరి గ్రంథాలయాలు, మహిళా సంఘాలు పూనుకుంటే పెద్ద ఖర్చు కూడా కాదు. ఎవరైనా మొదలుపెడితే మా పత్రిక కార్యాలయానికి ఒక ఉత్తరం రాయండి. మొదటి విడత పుస్తకాలు మేం పంపుతాం.